పని సగంలో ఆపి వెళ్లిన కాంట్రాక్టర్‌తో లెక్క తేల్చుకోవడం ఎలా?

గడపలేని_ఇల్లు
మా ఇంటి పని ఆగిపోయి నేటికి పదకొండు వారాలు. మెటీరియల్, లేబర్ అంతా కలిపి ఒకే మొత్తానికి ఒప్పుకున్న కాంట్రాక్టర్ రెండు స్లాబులు వేశారు, గోడలు లేపారు, లోపలి ప్లాస్టరింగ్ చాలావరకు ముగించారు. ఆ తరువాత మనుషులు రోజు విడిచి రోజు రావడం మొదలై, వారానికొకసారిగా మారి, ఇప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఫోన్ చేసిన ప్రతిసారీ సోమవారం మనుషులను దింపుతానని అంటారు, సోమవారం ఎవరూ రారు.

ఒప్పందపు మొత్తాన్ని 100 వంతులు అనుకుంటే నేను 80 ఇచ్చేశాను. జరిగిన పని 60 దాటదని నాకు అనిపిస్తోంది. అదనపు పనుల లెక్కన నేనే ఇంకా బాకీ ఉన్నానని ఆయన అంటున్నారు. తలుపులు లేవు, టైల్స్ లేవు, గోడల్లో వైరింగ్ పైపులు ఉన్నాయి గానీ వాటిలో వైరు లేదు. నిన్న మేడ ఎక్కి చూస్తే, పిల్లర్ల కోసం పైకి వదిలిన కమ్మీలు తుప్పు పట్టి, వాటి మొదట్లో కాంక్రీటు మీద తుప్పు నీళ్లు చారలుగా దిగి ఉన్నాయి. ఆ చారలు చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మూడు పేజీల ఒప్పందం ఉంది. దశలవారీగా చెల్లించాలని అందులో రాసుకున్నాం గానీ, ఏ దశకు ఎంత అన్నది రాసుకోలేదు. వేరేవాళ్లను పెట్టి పని ముగించుకోవాలా, ఆయన కోసమే వేచి ఉండాలా, లేక కోర్టుకు వెళ్లాలా?

వాన_చినుకు
పదకొండు వారాలంటే ఆయన ఇక రారనే అర్థం. వర్షాలు మొదలయ్యేలోపు వేరే మేస్త్రీని పెట్టి పని ముగించుకోండి, డబ్బు సంగతి తరువాత చూసుకోవచ్చు.

మెట్లదారి
వాన_చినుకు గారి సలహాను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే మేము సరిగ్గా అదే చేసి నష్టపోయాం. పాత కాంట్రాక్టర్ వెళ్లిపోయిన నాలుగో రోజునే కొత్తవాళ్లను దింపాం. వాళ్లు మిగిలిన ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసేశారు. ఏడాది తరువాత పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు, ఆ ప్లాస్టరింగ్ మొత్తం తన మనుషులే చేశారని పాత కాంట్రాక్టర్ అన్నారు. కాదని చూపించడానికి మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. రంగు వేసిన గోడను చూసి దాన్ని ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేరు.

పాత_ఇంజనీరు
మెట్లదారి గారు చెప్పినది అక్షరాలా నిజం. గడపలేని_ఇల్లు గారూ, ఈ క్షణంలో మీకున్న గొప్ప సాక్ష్యం ఆగిపోయిన ఆ ఇల్లే. దాని మీద ఇంకొకరి చెయ్యి పడక ముందే దాన్ని కొలిచి, కాగితం మీద పెట్టండి.

ముందుగా కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా కబురు పంపండి. ఫలానా రోజున, ఫలానా సమయానికి ఇద్దరం కలిసి కొలతలు తీసుకుందామని, ఆ రోజు కుదరకపోతే ఇంకొక రోజు చెప్పమని, రెండు రోజులకూ రాకపోతే ఇంజనీరు సమక్షంలో కొలతలు తీయిస్తానని స్పష్టంగా రాయండి. మీతోనూ ఆయనతోనూ బంధుత్వం గానీ వ్యాపారం గానీ లేని ఇంజనీరును పిలవండి. ప్లాస్టరింగ్ ఎన్ని చదరపు అడుగులు, పైపులు ఎన్ని అడుగులు, దర్వాజాలు ఎన్ని నిలబెట్టారు అన్నవన్నీ గది గదికీ విడిగా రాయాలి. ఫొటోలో టేపు కూడా కనబడాలి. సైటులో మిగిలిన సిమెంటు బస్తాలు, ఇసుక, కమ్మీలు కూడా లెక్కలోకి రావాలి, ఎందుకంటే అవి ఎవరివన్నది తరువాత పెద్ద గొడవ అవుతుంది. చివర ఇద్దరూ సంతకం చేయాలి. ఒప్పుకోని అంశం ఉంటే దాని పక్కనే అభ్యంతరం అని రాసి సంతకం చేయవచ్చు. ఆ అభ్యంతరాలే తరువాత తేల్చుకోవలసిన జాబితా అవుతాయి, మిగిలినదంతా అక్కడితో తేలిపోతుంది.

కమ్మీల గురించి భయపడకండి, అలాగని ఆలస్యమూ చేయకండి. పైపైన పట్టిన తుప్పును వైర్ బ్రష్‌తో గీకేసి, సిమెంటు పాలు పూస్తే కొంతకాలం ఆగుతుంది. గీకినప్పుడు పొరలు పొరలుగా ఊడితే మాత్రం కమ్మీ మందాన్ని క్యాలిపర్‌తో కొలిపించండి. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, పొరలు కట్టిన కమ్మీని అలాగే కాంక్రీటులో కప్పేస్తే అది లోపలి నుంచి ఉబ్బి, పైనున్న కాంక్రీటును పగలగొడుతుంది. ఫొటో తీశాకే బ్రష్ పట్టండి.

చిన్న_గుత్తేదారు
నేను ఇళ్లు కట్టే వృత్తిలోనే ఉన్నాను, కాబట్టి అవతలి వైపు మాట కూడా వినమని కోరుతున్నాను. చెప్పకుండా పని ఆపడం తప్పు, దాన్ని నేను సమర్థించను. అయితే అదనపు పని అన్న మాటను ఇక్కడ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. గోడ ఒక అడుగు జరపమంటారు, కిటికీ కొంచెం పెద్దది చేయమంటారు, పిట్టగోడ ఇంకో రెండు వరుసలు లేపమంటారు. అడిగే ప్రతిసారీ అది చిన్న మార్పే. కట్టిన గోడ పడగొట్టి, చెత్త ఎత్తి, మళ్లీ కట్టడానికి పట్టే కూలీ మాత్రం చిన్నది కాదు. నాకు ఒక ఇంట్లో ఇలాంటి మార్పులు పద్దెనిమిది వచ్చాయి. బిల్లు ఇచ్చిన రోజున అవన్నీ మంచితనానికి చేసినవనే అనుకున్నామని ఇంటివారు అన్నారు. ఆ ఇంటి చివరి చెల్లింపు నాకు ఈ రోజుకీ రాలేదు.

గడపలేని_ఇల్లు గారూ, ఆయన అడిగే అదనపు పనుల్లో మీరు నిజంగా చెప్పి చేయించుకున్నవి ఎన్ని?

గడపలేని_ఇల్లు
నిజాయితీగా చెబుతాను. వంటగది గోడ జరపమన్నది నేనే. రెండు కిటికీలు పెద్దవి చేయమని, పిట్టగోడ ఎత్తు పెంచమని కూడా నేనే అడిగాను, ఆ మెసేజులు నా ఫోన్‌లోనే ఉన్నాయి. మెట్ల కింద గది, సంపు లోతు పెంచడం మాత్రం నేను అడగలేదు. ఆయన మొత్తం కలిపి 12 వంతులు అడుగుతున్నారు.

తాపీ_బిడ్డ
మా నాన్న తాపీమేస్త్రీ. ఈ చర్చలో ఇంటివారు, కాంట్రాక్టర్ మాత్రమే కనిపిస్తున్నారు గనుక మూడో మనిషి గురించి నేను రాస్తున్నాను. మనుషులు రావడం మానేశారంటే, చాలాసార్లు వాళ్లకు కూలీ అందలేదని అర్థం. మీరు ఇచ్చిన డబ్బు ఇంకో సైటులో స్లాబుకు పోయి ఉండవచ్చు. మా నాన్న ఒక ఇంటి దగ్గర ఐదు వారాల కూలీ కోసం తిరిగి తిరిగి, చివరికి తన సెంట్రింగ్ చెక్కలు కూడా తెచ్చుకోలేకపోయారు. ఆ ఇంటివారికి ఆయన పేరే తెలియదు. మీ ఇంట్లో పని చేసిన మేస్త్రీతో ఒకసారి నేరుగా మాట్లాడండి. పని ఎందుకు ఆగిందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

న్యాయవాది_ఎస్
తాపీ_బిడ్డ గారి మాటకు చట్టపరమైన కోణం కూడా ఉంది. కూలీ అందని పనివారు కట్టడం మీదే హక్కు కోరగలిగే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో అలాంటి మొదటి చట్టాన్ని 1791లో మేరీలాండ్ రాష్ట్రం చేసింది, వాషింగ్టన్ నగరాన్ని కడుతున్న పనివారికి భరోసా ఉండాలని. మీరున్న చోట అలాంటి హక్కు ఉన్నా లేకపోయినా, మేస్త్రీకి ఎంత అందింది, ఎంత అందలేదు అన్నది ఆయన నోటి వెంట విని రాసిపెట్టుకోవడం మీకే మంచిది.

ఇక అసలు ప్రశ్న. సగం పని చేసిన మనిషికి సగం డబ్బు రావాలా అన్న వివాదం పాతదే. 1898లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టుకు ఒక కేసు వచ్చింది. రెండు ఇళ్లు, గుర్రపుశాలలు 565 పౌండ్లకు కట్టిస్తానన్న మనిషి దాదాపు 333 పౌండ్ల పని చేసి, డబ్బు లేదని మధ్యలో వదిలేశాడు. స్థలం యజమాని మిగిలినది తానే పూర్తి చేసుకున్నాడు. వదిలేసిన పనికి కాంట్రాక్టర్‌కు ఏమీ రాదని కోర్టు చెప్పింది. అయితే సైటులో వదిలిన సామాగ్రిని యజమాని వాడుకున్నాడు గనుక దాని విలువ మాత్రం ఇవ్వాలని కూడా చెప్పింది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టమని పాత_ఇంజనీరు గారు ఎందుకన్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

పూర్తి చేసి, చిన్న లోపాలు మిగిల్చిన సందర్భం వేరు. 1952లో అదే కోర్టు ముందుకు 750 పౌండ్ల ఇంటి అలంకరణ పని వచ్చింది. లోపాలు సరిచేయడానికి సుమారు 55 పౌండ్లు అవుతుంది. ఆ మేరకు తగ్గించుకుని మిగిలినదంతా ఇచ్చేయమన్నారు. 1972లో 560 పౌండ్ల హీటింగ్ పనిలో 174 పౌండ్ల లోపాలు తేలాయి, గదులు సరిగా వేడెక్కలేదు, పైగా పొగ వచ్చేది. ఆ కాంట్రాక్టర్‌కు ఒక్క పౌండు కూడా రాలేదు.

కొత్తిల్లు
560లో దాదాపు 386 పౌండ్ల పని బాగానే ఉన్నప్పుడు ఏమీ ఇవ్వకపోవడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. అలాగైతే ప్రతి ఇంటి యజమానీ ఒక లోపం చూపించి మొత్తం ఎగ్గొట్టవచ్చు కదా?

న్యాయవాది_ఎస్
మీ అనుమానం సరైనదే. ఆ తీర్పును న్యాయశాస్త్రం చదివినవారిలోనే చాలామంది విమర్శించారు. దానికి అవతలి కొసన 1921 నాటి న్యూయార్క్ తీర్పు ఉంది, దాన్ని రాసినది న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో. ఇంటి నిండా ఫలానా కంపెనీ గొట్టాలే వేయాలని ఒప్పందం. కాంట్రాక్టర్ పొరపాటున అదే నాణ్యత ఉన్న వేరే కంపెనీ గొట్టాలు వేశాడు, వాటిలో చాలావరకు గోడల లోపల ఉండిపోయాయి. గోడలన్నీ పగలగొట్టి మార్చాలని యజమాని పట్టుబట్టాడు. విలువలో వచ్చిన తేడా మాత్రమే నష్టమని, ఆ తేడా దాదాపు ఏమీ లేదని కార్డోజో తేల్చారు. ఈ రెండు తీర్పుల మధ్య ఎక్కడ నిలబడతామన్నది దేశాన్ని బట్టి, ఒప్పందంలోని మాటలను బట్టి మారుతుంది. అందుకే కోర్టు మెట్లు ఎక్కితే మొత్తం మనకే వస్తుందన్న నమ్మకం ఏ పక్షానికీ ఉండకూడదు.

యజమాని నష్టాన్ని లెక్కగట్టడానికి చాలాచోట్ల వాడే పద్ధతి ఒకటే. ఇప్పటిదాకా ఇచ్చినదానికి, మిగిలిన పని ముగించడానికి అయ్యే న్యాయమైన ఖర్చు కలపాలి. అందులోంచి మొదటి ఒప్పందపు మొత్తాన్ని, ఒప్పుకున్న అదనపు పనుల విలువను తీసివేయాలి. మిగిలేదే నష్టం.

వాన_చినుకు
మొదట తొందరపడి సలహా ఇచ్చాను, కొలతల సంగతి నాకు తట్టలేదు. అయినా ఒక మాట. పోలీసులకు ఫిర్యాదు చేస్తే ఆయన ఒక్క రోజులో దిగి వస్తారని మా చుట్టుపక్కల వాళ్లు అంటుంటారు.

చిన్న_గుత్తేదారు
రెండు స్లాబులు వేసి, గోడలు లేపిన మనిషిని మోసగాడని ఫిర్యాదు చేస్తే, ఆ రోజు నుంచి ఆయన పని గురించి ఆలోచించడు, తనను తాను కాపాడుకోవడం గురించే ఆలోచిస్తాడు. డబ్బు తీసుకుని ఒక్క ఇటుక కూడా పెట్టకుండా పారిపోయినవాడి విషయం వేరు. వాన_చినుకు గారూ, ఈ రెంటినీ దయచేసి ఒక గాటన కట్టకండి.

మెట్లదారి
మా వివాదం చివరికి మధ్యవర్తి దగ్గర తేలింది. రెండు వైపులా ఒప్పుకున్న ఒక రిటైర్డు ఇంజనీరు ఆయన. తీర్పు చెప్పడానికి కూర్చోలేదు. నన్ను ఒక గదిలో, కాంట్రాక్టర్‌ను ఇంకో గదిలో కూర్చోబెట్టి, అటూ ఇటూ ఐదుసార్లు తిరిగారు. మా ముఖం మీద ఒప్పుకోలేని మాట కాంట్రాక్టర్ ఆయనతో ఒప్పుకున్నారు: మా డబ్బు వేరే సైటుకు వాడేశానని, ఇప్పుడు చేతిలో ఏమీ లేదని. ఆ ఒక్క నిజం బయటపడ్డాకే పరిష్కారం దొరికింది, ఎందుకంటే లేని డబ్బు అడగడం మేము మానేశాం, ఆయన చేయగలిగిన పని అడిగాం.

కొత్తిల్లు
కొన్ని దేశాల్లో నిర్మాణ వివాదాలను నెల రోజుల్లో తేల్చే విధానం ఉందని విన్నాను. అది ఇళ్లకు వర్తించదా?

న్యాయవాది_ఎస్
బ్రిటన్‌లో 1996 నాటి చట్టం ప్రకారం అలాంటిది ఉంది, నిపుణుడు 28 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అయితే తాము ఉండటానికి ఇల్లు కట్టించుకునేవారి ఒప్పందాలకు ఆ చట్టం దానంతట అది వర్తించదు. వివాదం వస్తే ఫలానా నిపుణుడి మాటకు కట్టుబడతామని ఒప్పందంలో ముందే రాసుకుంటే అలాంటి సౌకర్యాన్ని మనమే కల్పించుకోవచ్చు. రాసుకోకపోయినా ఇప్పుడు ఇద్దరూ ఒప్పుకుంటే చాలు.

గడపలేని_ఇల్లు
మూడు వారాల తరువాత రాస్తున్నాను. మేస్త్రీతో మాట్లాడాను. తాపీ_బిడ్డ గారు ఊహించినట్టే ఆయనకు నాలుగు వారాల కూలీ రావాలి. కొలతలకు మొదటి తేదీన కాంట్రాక్టర్ రాలేదు, రెండో తేదీన వచ్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. టేపు ఒక కొస నేను, ఇంకో కొస ఆయన పట్టుకున్నాం, ఇంజనీరు రాసుకున్నారు. మొదటి రెండు గదుల దాకా మాకు మాటలు లేవు. మూడో గదిలో ప్లాస్టరింగ్ మీద ఆయనే చెయ్యి పెట్టి, ఇక్కడ బోలుగా ఉంది, ఇది నేను మళ్లీ చేయించాలి అన్నారు. ఆ మాట విన్నాక నా కోపం చాలావరకు తగ్గింది.

ఒప్పందపు పని 67 వంతులు అయిందని తేలింది, నేను అనుకున్న 60 తప్పు. అదనపు పనుల్లో మెసేజులు ఉన్నవాటికి 7 వంతులు ఒప్పుకున్నాను. బోలుగా ఉన్న ప్లాస్టరింగ్, వాలు తప్పిన బాత్రూమ్ నేల సరిచేయడానికి 2 వంతులు తగ్గించారు. అంటే 72 వంతుల పనికి ఆయన 80 తీసుకున్నారు. మిగిలిన పని, ఈ మరమ్మతులు కలిపి ముగించడానికి వేరే కాంట్రాక్టర్ 45 వంతులు అడుగుతున్నారు.

న్యాయవాది_ఎస్
ఇచ్చిన 80కి ఆ 45 కలిపితే 125. అందులోంచి 100, ఒప్పుకున్న అదనపు 7 తీసివేస్తే మీ నష్టం 18. అయితే ఆ 45 న్యాయమైన ధరేనని చూపించడానికి ఇంకో ఇద్దరి దగ్గర కూడా రాతపూర్వకంగా ధరలు తీసుకోండి. ఆయన వాదన ప్రకారం తిరిగి ఇవ్వవలసింది 8 మాత్రమే. మీ ఇద్దరి మధ్య అసలు దూరం ఈ పదే. దాని కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

పాత_ఇంజనీరు
ఆయననే తిరిగి పనిలోకి దింపగలిగితే అదే మేలు. ఏ పైపు ఏ గోడలో పోయిందో ఆయనకే తెలుసు. కానీ ఈసారి ఆయన చేతికి అడ్వాన్స్ ఇవ్వవద్దు. ఒక్కొక్క పని కొలిచి, చూసుకుని, ఆ తరువాతే డబ్బు. పని ముగిశాక కూడా 5 నుంచి 10 శాతం దాకా నిలిపి ఉంచి, సగం అప్పగింత రోజున, మిగతా సగం, బయటపడే లోపాలను కాంట్రాక్టరే సరిచేయవలసిన గడువు దాటాక ఇచ్చే పద్ధతి పెద్ద నిర్మాణాల్లో మామూలే. బాత్రూమ్ నేలకు టైల్స్ వేయక ముందే నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూడండి.

చిన్న_గుత్తేదారు
నిలిపి ఉంచిన డబ్బు ఏ తేదీన ఇస్తారో కూడా కాగితం మీద ఉండాలి. తేదీ లేకపోతే అది ఎప్పటికీ రాదు, నా అనుభవంతో చెబుతున్నాను.

గడపలేని_ఇల్లు
సంతకాలు అయ్యాయి, పాత కాంట్రాక్టరే పని ముగిస్తారు. 100కి అదనపు 7 కలిపి, ఇచ్చిన 80 తీసేస్తే నేను ఇంకా ఇవ్వవలసింది 27 వంతులు. టైల్స్, వైరు, రంగు నేనే నేరుగా కొంటాను, మేస్త్రీకి కూలీ వారం వారం ఆయన సంతకం తీసుకుని ఇస్తాను, రెండూ ఆ 27లోంచే పోతాయి. ఎక్కువ తీసుకున్న 8 వంతులకు బదులుగా తలుపులు, కిటికీ రెక్కలు కాంట్రాక్టర్ తన డబ్బుతో రెండు వారాల్లో తెచ్చి పెట్టాలి. తేకపోతే 18 వంతుల నష్టం అడిగే హక్కు నాకు తిరిగి వస్తుంది. మేస్త్రీకి పాత కూలీ ఆయనే ఇవ్వాలి, అందినట్టు మేస్త్రీ సంతకం నాకు చూపించాలి. చివరి 5 వంతుల్లో సగం అప్పగింతకు, సగం ఆ తరువాత 12 నెలలకు. తేదీ కూడా రాశాం, చిన్న_గుత్తేదారు గారూ.

తాపీ_బిడ్డ
పాత కూలీ మాటను కాగితంలోకి ఎక్కించినందుకు మా నాన్న తరఫున కృతజ్ఞతలు. ఈ చర్చను నిన్న ఆయనకు చదివి వినిపించాను. బోలుగా ఉన్న చోట కొత్త ప్లాస్టరింగ్ వేసే ముందు పాతదాన్ని గోడ దాకా కొట్టించమని, గోడను బాగా తడపమని చెప్పమన్నారు.

గడపలేని_ఇల్లు
పన్నెండో రోజున తలుపులు వచ్చాయి. బోలు ప్లాస్టరింగ్‌ను మీ నాన్నగారు చెప్పినట్టే గోడ దాకా కొట్టించి, తడిపించి, మళ్లీ వేయించాం. శనివారం మూడు బాత్రూముల్లోనూ నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాం. సోమవారం చూస్తే రెండింటిలో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. మేడమీది బాత్రూమ్‌లో ఒక వేలు మందం దిగాయి. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే గంటలో వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చితో పైపు చుట్టూ వెతికి, సందు ఎక్కడుందో చూపించారు. రేపు దాన్ని మూసి మళ్లీ నీళ్లు నిలబెడతారు.